గవ్వలరేవులో ఆనందం అమలైన విధానం

మా కమిషనరు త్రివిక్రమరావు గారు మురుగుకాలవల అధ్యయనం కోసం ఐర్లండు వెళ్ళొచ్చారు. ఆ దేశానికీ మా గవ్వలరేవుకీ ఉన్న పోలిక వాన. మా ఊళ్ళో పడిన వాన ఊళ్ళోనే ఉండిపోతుంది. అక్కడ పడింది ఎటు పోతుందో చూసి రమ్మని ప్రభుత్వం ఆయన్ని పంపింది.

తీరా వెళ్తే అక్కడ కాలవలన్నీ భూమి లోపల ఉన్నాయట. "కంటికి కనబడనందున పరిశీలనకు వీలు పడలేదు" అని నివేదిక మొదటి పేరాలోనే ఆయన నిజాయితీగా రాశారు. మిగతా నివేదికంతా, ఒక సాయంత్రం వానకి తడవకుండా ఆయన దూరిన హోటలు గురించి. అందులో ఒక ముసలాయన సన్నటి రేకుగొట్టం ఊదుతున్నాడట. చిన్నా పెద్దా లేచి నాట్యం చేస్తున్నారట. చేతులు రెండూ పక్కలకి వేలాడేసి, నడుం పైన మనిషి గుంజలా నిలబడి ఉంటే, కింద కాళ్ళు మాత్రం పెనం మీద ఆవాల్లా చిటపటలాడుతున్నాయట. ఇంతటి హుషారు మన మున్సిపల్ సిబ్బందిలో తాను ఏనాడూ చూడలేదని, ఈ విషయమై ప్రభుత్వం సానుకూలంగా ఆలోచించాలని కోరుతూ ముగించారు.

ఆ నివేదికకి సాపు ప్రతి తీసింది నేనే. నా పేరు ఇందుమతి. జనన మరణాల సీటు నాది. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ సర్టిఫికెట్లు ఇస్తాను. మధ్యకాలంతో నాకు సంబంధం లేదు.

రాజధానిలో అప్పుడే ఆనంద మిషన్ అని ఒకటి పెట్టారు. ఆఫీసు తెరిచారు, బోర్డు కట్టారు, జాయింట్ డైరెక్టరు గారిని వేశారు. ఆనందం కోసం ఏం చెయ్యాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మురుగునీటి శాఖకి వెళ్ళాల్సిన మా నివేదిక దారితప్పి వాళ్ళ బల్ల మీద పడింది. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కమిషనరు గారు సిబ్బందినందర్నీ కౌన్సిల్ హాల్లో కూర్చోబెట్టి చదివి వినిపించారు.

"ఉద్యోగి ఆనందంగా ఉంటేనే ప్రజ ఆనందంగా ఉంటుందన్న సమున్నత లక్ష్యంతో, ఐరిష్ స్టెప్ డాన్సును, తత్సంబంధిత విజిలు వాద్యాన్ని, గవ్వలరేవులో ప్రయోగాత్మకంగా, యుద్ధప్రాతిపదికన అమలు చేయడానికి ప్రభుత్వం సంకల్పించింది. ఆనందం విషయంలో అలసత్వాన్ని సహించేది లేదు."

వెనక వరసలోంచి బిల్ కలెక్టరు ఏసోబు లేచాడు. తాటిచెట్టంత మనిషి. ముఖం ఎప్పుడూ చావుకబురు మోసుకొచ్చినవాడిలా ఉంటుంది. పన్నుల వసూలులో అతనికి తిరుగులేకపోవడానికి కారణం ఆ ముఖమే. గుమ్మంలో అతన్ని చూడగానే జనం మారుమాట్లాడకుండా పన్ను కట్టేసేవారు.

"అయ్యగారూ, ఇది డ్యూటీ టైములోనాండి, డ్యూటీ అయ్యాకాండి?"

"ఆనందానికి వేళాపాళా ఉండదు," అన్నారు కమిషనరు గారు.

"పదిన్నర నుంచి," అని మేనేజరు సుగుణాకరరావు గారు పక్కనుంచి సవరించారు.

సుగుణాకరరావు గారి గురించి ఒక మాట చెప్పాలి. మనిషి మంచివాడే. ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. అయితే సర్వీసు మొత్తంలో ఉత్తర్వులో లేని పని ఆయన ఒక్కటీ చెయ్యలేదు, ఉన్న పని ఒక్కటీ వదల్లేదు. ఉత్తర్వుకి అర్థం ఉంటుందని ఆయన నమ్మరు. అక్షరాలుంటాయి, అంతే.

నాట్యం నేర్పడానికి మనిషి కావాలి కదా. నీళ్ళట్యాంకు వెనక పెంకుటింట్లో మున్సిపాలిటీవారి నృత్య పాఠశాల ఉంది. అందులో హరనాథశర్మ మాస్టారు కూచిపూడి నేర్పేవారు. నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారని బడి మూసెయ్యడానికి అప్పటికే ఫైలు నడుస్తోంది. కమిషనరు గారు ఆయన్ని పిలిపించి, ఈ నాట్యం నేర్పితే బడి ఉంటుంది, లేకపోతే లేదన్నారు. ఫోనులో వీడియో చూపించారు. మాస్టారు చాలాసేపు చూశారు.

"చేతులు వాడకూడదంటారా?"

"నిబంధనల మేరకు వాడరాదు."

"ముఖంలో భావం?"

"దానికి కమిటీ వేస్తున్నాం."

"చేతుల్లేని నాట్యమంటే చెంబు లేని స్నానంలా ఉందండీ," అని మాస్టారు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఇక రారనుకున్నాం.

తర్వాత కొన్నాళ్ళకి ఏదో కాగితం మీద ఆయన సంతకం కోసం నేను బడికి వెళ్ళాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. తన ఉత్తరీయంతో తన చేతుల్ని తనే వెనక్కి ముడివేసుకుని, గోడకి ఆనించిన ఫోను ముందు ఎగురుతున్నారు. చెమట ధారలు కడుతోంది. అరవై దాటిన మనిషి, కళ్ళు మాత్రం దొంగమామిడికాయ కొరికిన పిల్లాడివిలా మెరుస్తున్నాయి.

"అమ్మాయ్, ఇన్నేళ్ళూ ఈ కాళ్ళచేత చేతులకి చాకిరీ చేయించాను," అన్నారు ఆయాసపడుతూ. "వీటికీ చెప్పుకోడానికి ఇంత ఉందని తెలీదు. ముడి విప్పి పుణ్యం కట్టుకో, సంతకం పెడతాను."

అలా మాస్టారు ఒప్పుకున్నారు. ఇక మిగిలింది సామగ్రి.

విజిళ్ళకి టెండరు పిలిచారు. "రేకుతో చేసినది, నోటితో ఊదవలసినది, శబ్దము రావలెను" అని సుగుణాకరరావు గారు వివరాలిచ్చారు. వారంలో బస్సు కండక్టర్లు ఊదే విజిళ్ళు పెట్టెల్లో వచ్చాయి. ఇవి కావు, ఆరు చిల్లులున్న పొడుగాటి గొట్టాలు కావాలని మాస్టారు మొత్తుకున్నారు. మేనేజరు గారు ఒకటి తీసి చూశారు. రేకుదే. ఊదారు. శబ్దం వచ్చింది. "చిల్లుల ప్రస్తావన ఉత్తర్వులో లేదండీ," అన్నారు.

మా ఆఫీసు బస్టాండుని ఆనుకుని ఉంటుంది. మొదటిరోజు సాధనలో సిబ్బంది అంతా ఒక్కసారి విజిళ్ళు ఊదేసరికి, ప్లాట్‌ఫారం మీదున్న బస్సులన్నీ ఖాళీగా బయలుదేరాయి. రెండోసారి ఊదితే ఎక్కడివక్కడ నడిరోడ్డు మీద ఆగిపోయాయి. ప్రయాణికులు మూటలెత్తుకుని అటొకసారి, ఇటొకసారి పరుగెత్తారు. సాయంత్రానికి రాజధానికి పంపిన నివేదికలో, కార్యక్రమం ప్రజల్లో గొప్ప కదలిక తెచ్చిందని కమిషనరు గారు రాశారు.

ఈ నాట్యానికి గట్టి మడమల బూట్లు తొడుక్కుని చెక్క మీద ఆడాలి. మా ఆఫీసులో నేల గచ్చు. అందుకని బల్లలన్నీ విప్పి ఆవరణలో వేదిక కట్టారు. బల్లలు చాలకపోతే జనం కూర్చునే బెంచీలు విప్పారు. ఆపైన కిటికీ తలుపులు. నేను మాత్రం నా కుర్చీకి కాళ్ళు పెనవేసుకుని కూర్చుని దాన్ని కాపాడుకున్నాను.

ఇంతలో చేతుల సంగతి వచ్చింది. "కార్యక్రమం జరుగుతున్నంతకాలం చేతులు కదపరాదు" అని మిషన్ వారి మార్గదర్శకాల్లో ఉంది. కార్యక్రమం మూడు నెలలు. సుగుణాకరరావు గారు సర్క్యులరు తీశారు. మిషన్ కాగితాలకి మాత్రం మినహాయింపు. ఆవేళ నుంచి మేమంతా చేతులు పక్కలకి వేలాడేసుకుని సీట్లలో కూర్చున్నాం. ఫైళ్ళు ముట్టుకోలేదు. సంతకాలు పెట్టలేదు.

మొదటివారం ప్రజలకి తేడా తెలియలేదు.

రెండోవారంలో ఒక పెద్దాయన తండ్రి మరణ ధ్రువపత్రం కోసం వచ్చాడు. నేను కదలకుండా కూర్చుని విషయం చెప్పాను.

"మరి ఎప్పుడిస్తావు తల్లీ?"

"ఆనందం అయిపోయాకండీ."

ఆయన నన్ను జాలిగా చూసి, దాహంగా ఉందేమోనని గ్లాసుతో నీళ్ళు పట్టి తాగించి వెళ్ళాడు.

ప్రతి ఉద్యోగీ వారానికి రెండు రీళ్ళు చెయ్యాలని ఇంకో నిబంధన. రీల్ అంటే ఆ నాట్యంలో ఒకరకం తాళం. టౌన్ ప్లానింగువాళ్ళు దాన్ని ఫోన్లో తీసే రీల్ అనుకుని, రోడ్డు మీద గుంటల పక్కన నిలబడి సినిమా పాటలకి పెదాలాడించి పంపారు. మిషన్ నుంచి వాళ్ళకి ప్రశంసాపత్రం వచ్చింది. ఆనందాన్ని స్థానిక అవసరాలకు అన్వయించారట.

ఇవన్నీ ఒక ఎత్తు. పదిన్నరకి వేదిక ఎక్కాక జరిగేది ఒక ఎత్తు. మాస్టారు నోటితోనే తాళం చెప్పేవారు. మొదట్లో మేం గోనెసంచుల్లా దబదబా పడ్డాం. తర్వాత్తర్వాత ఎక్కడో ఒకచోట కాలు చెక్కమీద పడాల్సిన చోట పడేది. ఆ చప్పుడు వినగానే ఒళ్ళు జల్లుమనేది. మళ్ళీ పడుతుందేమోనని ఇంకో అడుగు. అందరిలోకీ ముందు దీనికి దొరికిపోయినవాడు ఏసోబు. అంత భారీ మనిషి వేదిక మీద తూనీగలా ఉండేవాడు.

"ఇంటికెళ్ళినా ఆగట్లేదండి కాళ్ళు," అన్నాడు నాతో ఒకరోజు. "మా ఆవిడ భయపడిపోయి పాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళిందండి. ప్రార్థన మధ్యలో కూడా ఆడుతున్నాయండి. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు కాబట్టి సరిపోయింది."

ఇదంతా అతను అదే చావుకబురు ముఖంతో చెప్పాడు. చిక్కంతా ఆ ముఖంతోనే వచ్చింది.

ఆనంద మూల్యాంకన కమిటీలో ముగ్గురున్నారు. ఇంజనీరు, మేనేజరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. తనిఖీల్లో అనుభవం ఉందని ఇన్‌స్పెక్టరుని వేశారు. మేం ఆడుతుంటే ఆయన దగ్గరికొచ్చి, కుండీలోకి తొంగిచూసినట్టు మా ముఖాల్లోకి తొంగిచూసేవాడు. అందరం పళ్ళు కనబడేలా నవ్వి గట్టెక్కాం. ఏసోబుకి మెమో వచ్చింది. "తమరి ముఖమునందు ఆనందం లోపించినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను."

ఏసోబు మేనేజరు గారి ముందు నిలబడ్డాడు.

"నా మొకం పుట్టుకతో ఇంతేనండి. పెళ్ళి ఫొటోలో కూడా ఇలాగే ఉన్నానండి. మా మామగారు పెళ్ళి ఆపేద్దామా అని కూడా అడిగారండి."

"ముఖం తీరే అదైతే వైద్యుడి ధ్రువీకరణ కావాలి ఏసోబూ. ఉంటే మినహాయింపు ఇవ్వచ్చు."

పెద్దాసుపత్రికి పంపారు. డాక్టరుగారు ముఖమంతా తడిమిచూసి, నరాలు, కండరాలు అన్నీ బాగున్నాయి, ముఖం పూర్తి ఆరోగ్యంగా ఉందని రాసిచ్చారు. ఆ కాగితం చదివి సుగుణాకరరావు గారు దిగులుగా కళ్ళజోడు తీశారు.

"పనిచేసే ముఖం ఉండి కూడా నవ్వట్లేదంటే ఉద్దేశపూర్వకం అయిపోతుందయ్యా."

సస్పెన్షన్ కాగితం తయారైంది. ప్రదర్శన రోజున జాయింట్ డైరెక్టరు గారు వస్తారు. ఆవిడ ముందు నవ్వితే సరి. నవ్వకపోతే దానిమీద సంతకం పడుతుంది. ఏసోబు అద్దం ముందు నిలబడి వేళ్ళతో పెదాలు పైకి లాక్కుని సాధన చేశాడట. అది చూసి వాళ్ళావిడ జడుసుకుని పుట్టింటికి వెళ్ళింది.

ప్రదర్శనకి అసలు దేశం నుంచి అతిథి ఉంటే నిండుగా ఉంటుందని కమిషనరు గారు తాను చూసిన ఊరికి ఉత్తరం రాశారు. వాళ్ళు ఒక మనిషిని పంపారు. పేరు నోరా. డెబ్బై పైబడిన ఆవిడ, తెల్లగా పొట్టిగా, ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయింది. నాకు కాన్వెంటు చదువు కాబట్టి ఆవిడ వెంట ఉండమన్నారు. సముద్రం ఒడ్డున ట్రావెలర్స్ బంగళాలో బస.

వచ్చిన రోజు సాయంత్రం వరండాలో కూర్చుని, సంచిలోంచి సన్నటి రేకుగొట్టం తీసి ఊదింది. కండక్టరు విజిలు కాదు, అసలుది. ఆ స్వరం ఎలా ఉందంటే, బడి వదిలారని తెలిసిన పిల్లలంతా ఒక్కసారి గేటుమీద పడ్డట్టుంది. ఒక స్వరం మీద ఇంకొకటి తొక్కుకుంటూ, పడకుండా, నవ్వుకుంటూ పరుగు. బంగళా వంటమనిషి అట్లకాడతోనే బయటికొచ్చి నిలబడ్డాడు. లోపల పెసరట్టు మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

"నేర్చుకుంటావా?" అంది.

"మాకు చేతులు కదపకూడదండీ," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నా వేళ్ళు పట్టుకుని చిల్లుల మీద పెట్టింది. ఎన్నాళ్ళుగానో ఊరికే వేలాడుతున్న వేళ్ళు. మొదటి ఊపిరికి కీచుమంది. రెండోదానికీ కీచుమంది. ఆవిడ నవ్వి, "బాధపడకు, పాలకోసం ఏడ్చే పిల్లికూన కూడా ఇలాగే మొదలెడుతుంది," అంది. ఆమె ఉన్న వారమూ సాయంత్రాలు వరండాలోనే గడిచాయి. జిగ్ అనే చిన్న గంతుల పాట ఒకటి పట్టుబడింది. పట్టుబడిన సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్ళాననుకుంటున్నాను. నడిచినట్టు గుర్తులేదు.

ప్రదర్శన రోజు వచ్చింది. ఆవరణ కిక్కిరిసింది. అందులో సగంమంది తమ ధ్రువపత్రాలు ఎప్పుడిస్తారో కనుక్కుందామని వచ్చినవాళ్ళు. జాయింట్ డైరెక్టరు గారు ముందువరసలో కలం పట్టుకుని కూర్చున్నారు. ఎవరి చేతులూ పొరపాటున కూడా కదలకుండా, దర్జీని పిలిపించి అందరి చొక్కాచేతులూ పక్కకుట్లకి కలిపి కుట్టించారు సుగుణాకరరావు గారు. ఆడవాళ్ళం పిన్నులతో సర్దుకున్నాం. వేదిక మీద వరసగా నిలబడితే, తువ్వాళ్ళలో చుట్టి పడుకోబెట్టిన పసిపిల్లల వార్డులా ఉన్నాం.

కమిషనరు గారు మైకందుకున్నారు. "ఆనందం అనేది ఒక నిరంతర ప్రక్రియ. ఈనాడు గవ్వలరేవు ఆనంద రంగంలో స్వయంసమృద్ధి సాధించిందని ప్రకటించడానికి..."

కరెంటు పోయింది. మైకు పోయింది. నాట్యానికి పెట్టాల్సిన పాట కూడా పోయింది. మాస్టారు తాళం మొదలుపెట్టబోతే, "ఆమోదించిన సంగీతం వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించండి," అన్నారు కమిషనరు గారు. కుట్టేసిన చేతులతో ఎండలో నిలబడ్డాం. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకునే దారి లేదు.

నోరా గారు వేదిక దగ్గరికొచ్చి నన్నడిగింది. "వీళ్ళ చేతులకేమైంది?"

చెప్పాను. మీ సంప్రదాయమే కదండీ అన్నాను. ఆవిడ ముందు నమ్మలేదు. నమ్మాక, వేదిక అంచు పట్టుకుని కన్నీళ్ళొచ్చేలా నవ్వింది.

"చేతులు ఎందుకు ఊరికే ఉంచుతారో మాకూ సరిగ్గా తెలీదమ్మా. ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. మా అమ్మమ్మ మాత్రం ఒక చేత్తో గరిటె పట్టుకుని, రెండో చేత్తో మా తాతని పట్టుకుని ఆడేది."

అంటూనే నా పిన్నులు తీసేసింది. తన దగ్గరున్న రెండో విజిలు నా చేతిలో పెట్టి, ఊదడం మొదలెట్టింది. నేనూ అందుకున్నాను.

ముందు ఏసోబు మడమ కదిలింది. తర్వాత రెండో మడమ. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. చెక్కలన్నీ డప్పుల్లా మోగాయి. ఒకప్పుడు ఫైళ్ళు మోసిన చెక్కలు అంత చప్పుడు చేస్తాయని నాకు తెలియదు. వరసంతా కదిలింది. పటుక్కున ఒక కుట్టు తెగింది, ఆ వెంటనే ఇంకొకటి. ఇంజనీరుగారి చెయ్యి చొక్కా మోసుకుంటూ బయటికొచ్చింది. మాస్టారు వేదిక మీదకి దూకారు. కింద ఆ దేశపు కాళ్ళు, పైన మన చేతులు, ఆ చేతుల వెంట కళ్ళు. ఆయన్ని చూసి ధ్రువపత్రాలకొచ్చిన జనం ఈలలేశారు. మెట్లెక్కి వచ్చేశారు. తండ్రి మరణ ధ్రువపత్రం అడిగిన పెద్దాయన పంచె ఎగ్గట్టి ఇన్‌స్పెక్టరు పక్కన గంతులేస్తున్నాడు.

"సార్, చేతులు," అని సుగుణాకరరావు గారు కమిషనరు దగ్గరికి పరుగెత్తారు. "ప్రజల చేతులు ఉత్తర్వు పరిధిలోకి వస్తాయా?"

"పరిశీలిస్తాం," అన్నారు కమిషనరు గారు, ఎటు చూడాలో తెలియక.

జాయింట్ డైరెక్టరు గారు లేచి వేదిక దగ్గరికి వస్తున్నారు. ఆవిడ చూపు ఏసోబు ముఖం మీద ఉంది. మేనేజరు గారు ముందుగా అతని దగ్గరికి చేరుకున్నారు.

"నవ్వవయ్యా. కాస్త నవ్వు. లేకపోతే నేను కాగితం ఆవిడ ముందు పెట్టాల్సొస్తుంది."

"రావట్లేదండి," అన్నాడు ఏసోబు, అడుగు తప్పకుండా. "లోపల చాలా బాగుందండి. పైకి రావట్లేదండి."

నోరా గారు ఊదడం ఆపి, ఇతన్నేమంటున్నారని నన్నడిగింది. చెప్పాను. ఆవిడ జాయింట్ డైరెక్టరు వైపు తిరిగింది. నోరా గారి మాటలు నేను తెలుగులో అందరికీ వినబడేలా చెప్పాను.

"మా ఊళ్ళో బాగా ఆడేవాళ్ళ ముఖం అచ్చం ఇలాగే ఉంటుంది. ఉన్న సంతోషమంతా కాళ్ళలోకి దిగిపోతే ముఖానికి ఏం మిగులుతుంది? మిగతావాళ్ళంతా ఇంకా నేర్చుకుంటున్నారు. నేర్చేసుకున్నది ఇతనొక్కడే."

జాయింట్ డైరెక్టరు గారు ఆ మాట రాసుకున్నారు. సస్పెన్షన్ కాగితం ఆ పూటే చించేశారు. చింపింది సుగుణాకరరావు గారే, కమిషనరు గారి నోటిమాట మీద. ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని మర్నాడు అడిగారనుకోండి.

నోరా గారు వెళ్ళేటప్పుడు ఆ రెండో విజిలు నాకే వదిలేసింది. ఆవిడ రైలెక్కిన వారానికి మిషన్ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. నాట్య సమయంలో నవ్వుట నిషేధం. ఏసోబుని ముఖ శిక్షకుడిగా నియమించారు. పదిన్నరకి అతను వేదిక మీద నిలబడి, "ఏమీ అనుకోకుండా ఇలా ఉంచండి మొకం," అని చూపించేవాడు. ఆ ముఖం చూడగానే ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. ఇక చూసుకోండి, వరసంతా ఒకరిమీద ఒకరు పడిపోయేవాళ్ళం. కట్టలకొద్దీ మెమోలు వచ్చాయి. మెమో చదువుతూ నవ్వినందుకు ఇంకో మెమో. నాకొక్కదానికే రాలేదు. విజిలు ఊదుతూ నవ్వడం కుదరదు, నవ్వితే ఊపిరి చెదిరిపోతుంది. అది తెలిసి చాలామంది నేర్పమని నా వెంటపడ్డారు.

చివరికి మిషన్ వారు విసిగిపోయారు. "గవ్వలరేవు పురపాలక సంఘంలో ఆనందం అదుపు తప్పినందున, తక్షణం నిలుపుదల చేయడమైనది." బల్లలు బిగించి లోపల పెట్టారు. కిటికీలకి తలుపులొచ్చాయి. చేతులు కదపమని ఉత్తర్వు వచ్చింది. కమిషనరు గారికి ప్రమోషను వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దాయనకి నేను ధ్రువపత్రం ఇచ్చాను. తీసుకుని, "ఇంకెప్పుడమ్మా ఆట?" అన్నాడు.

కార్యక్రమం పోయింది కాబట్టి, నృత్య పాఠశాల మూసే ఫైలు మళ్ళీ పైకొచ్చింది. బడిలో విద్యార్థులెవరూ లేరని స్వయంగా చూసి రాయాలి. ఆ పని సుగుణాకరరావు గారి మీద పడింది. ఒక సాయంత్రం ఆఫీసు అయ్యాక ఆయన గొడుగు పట్టుకుని నీళ్ళట్యాంకు వెనక్కి వచ్చారు. సన్నగా వాన పడుతోంది.

లోపల మేమంతా ఉన్నాం. హాజరు తీసుకునేవాళ్ళు లేనప్పటి నుంచి ఒక్కరూ మానలేదు. టౌన్ ప్లానింగువాళ్ళున్నారు. ఇన్‌స్పెక్టరున్నాడు. బస్టాండు నుంచి ఇద్దరు డ్రైవర్లు, బంగళా వంటమనిషి, పుట్టింటి నుంచి తిరిగొచ్చిన ఏసోబు భార్య కూడా ఉన్నారు. ఇంటికొకటిగా తెచ్చిన పాత తలుపులు నేలమీద పరిచి ఉన్నాయి. నేను ఊదుతున్నాను. గుమ్మంలో మేనేజరు గారిని చూసి ఆపాను. కాళ్ళన్నీ ఆగిపోయాయి.

"మాస్టారూ, ఇది ఏ ఉత్తర్వు ప్రకారం జరుగుతోంది?" అని ఆయన మెల్లగా అడిగారు.

"ఏ ఉత్తర్వూ లేదండీ."

"నిలుపుదల చేశారు కదా."

"ఆఫీసులో చేశారు. ఇక్కడ ఆపమని ఏమైనా ఉందా?"

సుగుణాకరరావు గారు ఆలోచించారు. మనసులో కాగితాలన్నీ తిరగేస్తున్నట్టు కనురెప్పలు ఆడాయి.

"లేదు."

"మరి?"

"మరి," అన్నారు ఆయన కూడా. ఆ మాట తర్వాత ఏముంటుందో ఆయనకి తెలిసినట్టు లేదు. గొడుగు మడిచి గోడకి ఆనించారు. "విద్యార్థులు ఉన్నారని రాస్తాను," అన్నారు. ఇక వెళ్ళాలి. వెళ్ళలేదు. చినుకుల్ని చూశారు, తలుపుల్ని చూశారు, ఏసోబు బూట్లని చూశారు.

"రండి మేనేజరుగారూ," అన్నాడు ఏసోబు, ఎప్పటి ముఖంతోనే. "చోటుందండి."

ఆయన చెప్పులు విడిచి, పక్కపక్కన సరిగ్గా సర్ది, ఒక తలుపు మీదకి ఎక్కి నిలబడ్డారు. మాస్టారు నావైపు తలూపారు. నేను జిగ్ అందుకున్నాను.

"ముందు కుడికాలా, ఎడమకాలా?" అని అడిగారు సుగుణాకరరావు గారు.

"ఏదైనా పర్వాలేదండీ," అన్నారు మాస్టారు.

ఏదైనా పర్వాలేదన్న మాట ఆయన సర్వీసులో ఎవరూ అనలేదు. నుదురు ముడిపడింది. కుడికాలి వైపు చూశారు, ఎడమకాలి వైపు చూశారు, రెండింటికీ ఉన్న లాభనష్టాలు బేరీజు వేస్తున్నారు. పాట మలుపు తిరిగింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. ఎడమకాలు అప్పటికే వెళ్ళిపోయింది.